ఉగ్రవాద నిరోధ పద్ధతులపై డిసర్టేషన్ రాయడం: చెన్నైలో నా అనుభవం

ఉగ్రవాదాన్ని ఎదుర్కోవడంలో వేర్వేరు దేశాలు అనుసరించిన పద్ధతులను పోల్చి చూసే డిసర్టేషన్‌ను, చెన్నైలో ఎల్‌ఎల్‌ఎం చదువుతూ నేను 2024 జూలైలో మొదలుపెట్టి 2025 ఆగస్టులో పూర్తి చేశాను. ఇదే రంగంలో అంశం ఎంచుకోవాలనుకుంటున్న తెలుగు విద్యార్థులు కొందరు, అనుమతులు ఎలా వస్తాయి, ఎంత ఖర్చవుతుంది, పోలీసుల వైపు నుంచి ఇబ్బందులేమైనా ఉంటాయా అని అడుగుతున్నారు కనుక, జరిగినదంతా జరిగిన వరుసలోనే రాస్తున్నాను. మాది నెల్లూరు. కొన్నేళ్లుగా పెరంబూరులో అద్దెకు ఉంటూ, తంబుచెట్టి వీధిలో ఒక సీనియర్ న్యాయవాది దగ్గర జూనియర్‌గా పనిచేస్తున్నాను. పగలు కోర్టు, సాయంత్రం తరగతులు పోగా మిగిలిన ఆదివారాలూ సెలవులూ ఈ పనికే సరిపోయాయి.

మొదటి ప్రతిపాదనలో ఆరు దేశాల పేర్లు ఉన్నాయి. అది చదివిన మా గైడ్, ఈ ఆరింటినీ అడగడానికి నీ దగ్గరున్న ఒకే ఒక్క ప్రశ్న ఏమిటో తేల్చుకుని రమ్మన్నారు. అందుకు నెల పట్టింది. పాత ఉగ్రవాద నిరోధక చట్టం టాడా కాలం నాటి తీర్పులను వరుసగా చదువుతుండగా ఆ ప్రశ్న తేలింది: బాంబు పేలిన తర్వాత పోలీసులు నిందితుడి దాకా ఏ దారిన వెళ్లారు? ఘటనాస్థలంలో దొరికిన వస్తువును పట్టుకుని మనిషి దాకా వెళ్లారా, లేక ముందు మనిషిని పట్టుకుని తర్వాత అతని చేత ఒప్పించారా? కఠిన విధానం, మెతక విధానం అంటూ దేశాలను రెండు వర్గాలుగా విడదీసే పుస్తకాలు చాలానే ఉన్నాయి గానీ, ఒకే దేశం ఒకే ఏడాదిలో ఈ రెండు దారులలోనూ నడవగలదన్న సంగతి ఆ విభజనలో కనిపించదు. చివరకు భారత్, బ్రిటన్, పెరూ మిగిలాయి. నక్సలైట్లను ఎదుర్కోవడానికి 1989లో ఏర్పడిన గ్రేహౌండ్స్ దళం, 1997లో ఎస్.ఆర్. శంకరన్ గారి చొరవతో ఏర్పడిన పౌరస్పందన వేదిక, 2004 అక్టోబరులో హైదరాబాదులో నక్సలైట్లతో జరిగిన శాంతి చర్చలు నా ప్రశ్న పరిధిలోకి రావని వదిలేయాల్సి వచ్చింది. తెలుగుదాన్నై ఉండి వాటిని వదులుకోవడం నాకు చాలా రోజులు బాధగానే ఉండింది. ఎవరైనా ఆ అంశాన్ని ప్రత్యేకంగా తీసుకుంటే, అది పూర్తి స్థాయి పరిశోధనకు సరిపడేంత పెద్దది.

ఆగస్టు చివర ఇచ్చిన శీర్షికకు శాఖాపరమైన ఆమోదం అక్టోబరు రెండో వారంలో వచ్చింది. కమిటీ సభ్యులలో ఒకరు అంశం సున్నితమైనదని, విద్యార్థికే కాక సంస్థకు కూడా ఇబ్బంది రావచ్చని అభ్యంతరం చెప్పారు. నిషేధిత సంస్థలకు చెందిన వారెవరినీ సంప్రదించబోనని, వాటి ప్రచురణలను ఇంటర్నెట్ నుంచి దింపుకోనని, అవసరమైన చోట కోర్టు తీర్పులలోనూ ప్రభుత్వ నివేదికలలోనూ ఉన్న ఉల్లేఖనలనే వాడతానని రాతపూర్వకంగా ఇచ్చాక ఫైలు ముందుకు కదిలింది. అలా రాసివ్వడం అప్పుడు నాకు అవమానంగా తోచింది. తర్వాత రెండు సంగతులు చదివి ఆలోచన కొంత మార్చుకున్నాను. 2008లో బ్రిటన్‌లోని నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో ఇలాంటి అంశంపైనే పనిచేస్తున్న ఒక పరిశోధక విద్యార్థిని, అమెరికా ప్రభుత్వ వెబ్‌సైటులో అందరికీ అందుబాటులో ఉన్న ఒక పత్రం కారణంగా అరెస్టు చేసి, కొన్ని రోజుల తర్వాత ఏ అభియోగమూ లేకుండా వదిలేశారు. మన దేశంలో కేరళ విద్యార్థుల కేసులో, కేవలం సాహిత్యం దగ్గర ఉన్నంత మాత్రాన నేరం కాదని సుప్రీంకోర్టు 2021 అక్టోబరులో చెప్పింది. చెప్పిందన్నది నిజమే గానీ, ఆ మాట వినేలోపు ఆ పిల్లలు ఎన్ని నెలలు జైలులో గడిపారో కూడా చూడాలి. కాబట్టి ఈ అంశం తీసుకునేవారు ఏ పత్రాన్ని ఎప్పుడు, ఎక్కడి నుంచి, ఎందుకు దింపుకున్నారో తేదీలతో ఒక నోటుపుస్తకంలో రాసి పెట్టుకోవడం మంచిది. నేను అలాగే చేశాను. నెలకొకసారి గైడ్ దాని మీద సంతకం చేసేవారు.

ఎథిక్స్ కమిటీ అనుమతికి ఇంకో రెండు నెలలు పట్టింది. నేను నలుగురైదుగురితో మాట్లాడాలనుకున్నాను: విశ్రాంత పోలీసు అధికారులు, న్యాయవాదులు, తప్పుడు కేసులలో జైలుకు వెళ్లి నిర్దోషులుగా బయటపడినవారు. మొదటి రెండు వర్గాలకు ఒప్పుకుని, మూడో వర్గానికి కమిటీ ఒప్పుకోలేదు. పాత గాయాన్ని మళ్లీ రేపుతారని, వాళ్లకు మానసిక సహాయం ఏర్పాటు చేయగల శక్తి ఒక మాస్టర్స్ విద్యార్థికి ఉండదని కారణం చెప్పారు. అది సరైన నిర్ణయమేనని ఇప్పటికీ అనుకుంటున్నాను గానీ, దానివల్ల నా డిసర్టేషన్‌లో ఎవరు ఎక్కువ నష్టపోయారో వారి గొంతే వినిపించకుండా పోయింది. ఆ లోటును మొదటి అధ్యాయంలోనే చెప్పుకున్నాను. ఈ దరఖాస్తుకు రుసుము లేదు. కానీ ప్రశ్నావళిని, సమ్మతి పత్రాన్ని ఇంగ్లీషుతో పాటు తమిళంలోనూ తెలుగులోనూ ఇవ్వాలన్నారు. తమిళ అనువాదానికి, దాని ధ్రువీకరణకు దాదాపు రెండు వేలు అయింది.

ఇంట్లో ఈ సంగతి దీపావళికి చెప్పాను. నాన్న చాలాసేపు ఏమీ అనలేదు. "లాయరువి కదమ్మా, ఆస్తి చట్టం మీదో, పెళ్లిళ్ల చట్టం మీదో రాసుకోకూడదా?" అని మాత్రం అడిగారు. ఆయన భయం నాకు అర్థమైంది. 2007 ఆగస్టు 25 సాయంత్రం గోకుల్ చాట్, లుంబినీ పార్కులలో బాంబులు పేలినప్పుడు మా చిన్నాన్న కుటుంబం హైదరాబాదులోనే ఉండింది. ఫోన్లు కలవక ఆ రాత్రంతా మా ఇంట్లో ఎవరూ నిద్రపోలేదు. అందుకే ఈ అంశం తీసుకున్నానని చెప్పాను. ఆ తర్వాత ఆయన వద్దనలేదు.

చదువుకు అసలైన పునాది వేసింది రాజీవ్ గాంధీ హత్య కేసు. శ్రీపెరుంబుదూరు చెన్నైకి దగ్గరే కావడం, విచారణ పూందమల్లిలోని ప్రత్యేక కోర్టులో జరగడం, దర్యాప్తు బృందం గ్రీన్‌వేస్ రోడ్డులోని 'మల్లిగై' భవనం నుంచి పనిచేయడం వల్ల, తీర్పులో వచ్చే ఊళ్లూ వీధులూ నాకు తెలిసినవే. ఎగ్మూరులోని కన్నెమెరా గ్రంథాలయంలో 1991 మే, జూన్ నెలల పత్రికల సంపుటాలు తిరగేశాను. కోట్టూరుపురంలోని అణ్ణా శతజయంతి గ్రంథాలయంలో కూర్చుని తీర్పు చదివాను. 1991 మే 21 రాత్రి పేలుడు జరిగిన చోట హరిబాబు అనే ఫొటోగ్రాఫర్ చనిపోయాడు గానీ, అతని కెమెరా, అందులోని ఫిల్ము చెడిపోలేదు. ఆ కొద్ది ఫొటోలలో మానవబాంబుగా వచ్చిన యువతి ఉంది, పథకం నడిపించిన శివరాసన్ ఉన్నాడు. దర్యాప్తు అక్కడి నుంచే మొదలైంది. ఆగస్టు 20న బెంగళూరు శివార్లలోని కోననకుంటెలో శివరాసన్, అతని వెంట ఉన్నవారు చనిపోయి కనిపించేదాకా, అంటే సరిగ్గా మూడు నెలలలో, వస్తువు నుంచి మనిషి దాకా వెళ్లిన దర్యాప్తు ఇది.

అదే కేసులో రెండో దారి కూడా ఉంది. టాడా చట్టం 15వ సెక్షను ప్రకారం, ఎస్పీ స్థాయి పోలీసు అధికారి ముందు ఇచ్చిన ఒప్పుకోలు వాంగ్మూలం కోర్టులో సాక్ష్యంగా చెల్లుతుంది. ఈ సెక్షను రాజ్యాంగబద్ధమేనని 1994లో కర్తార్ సింగ్ తీర్పులో సుప్రీంకోర్టు చెప్పింది. 1998 జనవరి 28న పూందమల్లి కోర్టు విచారణ ఎదుర్కొన్న 26 మందికీ మరణశిక్ష వేసింది. 1999 మే 11న సుప్రీంకోర్టు 19 మందిని హత్యాభియోగాల నుంచి విముక్తులను చేసి, నలుగురికి మరణశిక్షను, ముగ్గురికి యావజ్జీవాన్ని ఖరారు చేసింది. ఇక్కడే నేను చాలా రోజులు ఆగిపోయాను. ఈ హత్య టాడా నిర్వచనం ప్రకారం ఉగ్రవాద చర్య కిందికి రాదని అదే తీర్పు చెప్పింది. అయినా టాడా కింద నమోదైన వాంగ్మూలాలు మాత్రం హత్యానేరానికి సాక్ష్యంగా నిలిచాయి. చట్టం వర్తించదు గానీ ఆ చట్టం వల్ల పుట్టిన సాక్ష్యం వర్తిస్తుందన్నమాట. న్యాయపరంగా దానికి టాడాలోనే ఆధారం ఉందని తెలిసినా, ఆ పుటలు చదివిన ప్రతిసారీ మనసు ఒప్పుకోలేదు. 1991 జూన్‌లో 19 ఏళ్ల వయసులో అరెస్టయిన పేరరివాళన్ మీద ముఖ్య ఆరోపణ రెండు బ్యాటరీలు కొనివ్వడం. అవి ఎందుకో తనకు తెలియదని అతను చెప్పిన భాగాన్ని వాంగ్మూలంలో పూర్తిగా రాయలేదని, దాన్ని నమోదు చేసిన అధికారే పదవీ విరమణ తర్వాత 2013లో బయటపెట్టారు. 2014లో మరణశిక్ష యావజ్జీవంగా మారింది. 2022 మే 18న సుప్రీంకోర్టు అతన్ని విడుదల చేసింది.

నవంబరు చివర ఫెంగల్ తుపాను వచ్చి పని కొంతకాలం ఆగింది. ఆ వారంలో ఇంట్లో కూర్చుని అంకెల సంగతి చూశాను. మేరీలాండ్ విశ్వవిద్యాలయం నిర్వహించే గ్లోబల్ టెర్రరిజం డేటాబేస్‌ను విద్యార్థులకు ఉచితంగా ఇస్తారు. ఫారం నింపి, ఎందుకు కావాలో రాస్తే వారం లోపు లింకు వచ్చింది. 1970 నుంచి ఉన్న ఈ పట్టికలో 1993వ సంవత్సరం లేదు. కంప్యూటర్లు రాక ముందు కార్డుల మీద రాసుకున్న సమాచారంలో ఆ ఒక్క ఏడాది కార్డులు కార్యాలయం మారేటప్పుడు పోయాయట. అంటే 1993 మార్చి 12న 257 మంది ప్రాణాలు తీసిన బొంబాయి పేలుళ్లు గానీ, అదే ఏడాది ఆగస్టులో చెన్నైలోని చేట్‌పట్‌లో ఆర్‌ఎస్‌ఎస్ కార్యాలయంలో 11 మందిని చంపిన పేలుడు గానీ ప్రధాన పట్టికలో కనిపించవు. ఫలానా చట్టం వచ్చాక దాడులు ఇంత శాతం తగ్గాయని ఈ పట్టిక చూసి రాసే వ్యాసాలలో, భారతదేశానికి అత్యంత భయంకరమైన సంవత్సరాలలో ఒకటి లెక్కలోకే రాలేదని చదివేవారికి తెలియదు. అందుకే నా డిసర్టేషన్‌లో దాడుల సంఖ్యతో విజయాన్ని కొలిచే ప్రయత్నం చేయలేదు.

సమాచార హక్కు దరఖాస్తుల గురించి తప్పక చెప్పాలి. రుసుము పది రూపాయలే. కానీ జాతీయ దర్యాప్తు సంస్థ ఎన్‌ఐఏకు ఈ చట్టం నుంచి మినహాయింపు ఉంది. అవినీతి, మానవ హక్కుల ఉల్లంఘన ఆరోపణలకు సంబంధించిన సమాచారం మాత్రమే అడగవచ్చు. నేను ఒక రాష్ట్ర శాఖను, ఉపా (చట్టవిరుద్ధ కార్యకలాపాల నిరోధక చట్టం) కింద బెయిలు లేకుండా సగటున ఎంతకాలం విచారణ ఖైదీలుగా ఉంటున్నారని అడిగాను. నెల గడువు ముగిసే ముందు, మీ దరఖాస్తును ఇంకో కార్యాలయానికి బదిలీ చేశామన్న ఉత్తరం వచ్చింది. ఆ కార్యాలయం భద్రతా కారణాలు చూపి నిరాకరించింది. నేను అడిగినది పేర్లు కాదు, సగటు మాత్రమే. మొదటి అప్పీలు కూడా అదే మాటతో ముగిసింది. రెండో అప్పీలు సమాచార కమిషన్ ముందు ఇప్పటికీ విచారణకు రాలేదు. డిసర్టేషన్ గడువు చిన్నది కనుక, ఆర్టీఐ జవాబు మీద ఏ అధ్యాయాన్నీ నిలబెట్టుకోవద్దు. పార్లమెంటులో ఇచ్చిన జవాబులు, జాతీయ నేర రికార్డుల బ్యూరో (ఎన్‌సీఆర్‌బీ) వార్షిక నివేదికలు చాలావరకు సరిపోతాయి.

బ్రిటన్ అధ్యాయం రాయడం తేలికైంది, ఎందుకంటే ఆ దేశం తన పొరపాట్ల గురించి చాలా రాసుకుంది. 1974 నవంబరు 21న బర్మింగ్‌హామ్‌లోని రెండు పబ్బులలో బాంబులు పేలి 21 మంది చనిపోయారు. ఎనిమిది రోజులలో కొత్త చట్టం అమలులోకి వచ్చింది. ఆరుగురు ఐరిష్ వ్యక్తులను పట్టుకుని, కొట్టి, ఒప్పుకోలు రాయించారు. మరుసటి ఏడాది వారికి యావజ్జీవం పడింది. వాళ్లు 16 ఏళ్లు జైలులో ఉన్నాక, 1991 మార్చి 14న కోర్టు ఆ శిక్షలను రద్దు చేసింది. రెండు నెలల ఒక వారం తర్వాత శ్రీపెరుంబుదూరులో బాంబు పేలింది. ఈ రెండు తేదీలను ఒకే పుటలో రాసుకున్న రోజున, ఈ పని ఎందుకు చేస్తున్నానో నాకు నేనే మళ్లీ చెప్పుకోనక్కర్లేదనిపించింది. బర్మింగ్‌హామ్ బాంబులు పెట్టినవారికి ఇంతవరకు శిక్ష పడలేదు. తప్పుడు మనిషిని పట్టుకున్న ప్రతిసారీ అసలు మనిషి బయటే ఉంటాడు. బాధితుల తరఫున మాట్లాడేవారు ఈ మాటను అందరికంటే గట్టిగా చెప్పాలని నా అభిప్రాయం.

చట్టాలను పోల్చే పట్టికలో దాడికీ చట్టానికీ మధ్య గడిచిన రోజులకు ఒక గడి పెట్టాను. బ్రిటన్‌కు 8, అమెరికాలో 2001 సెప్టెంబరు 11 దాడుల తర్వాత వచ్చిన పేట్రియట్ చట్టానికి 45, ముంబై దాడి మొదలైన 2008 నవంబరు 26 నుంచి ఎన్‌ఐఏ చట్టం వచ్చిన డిసెంబరు 31 వరకు 35. నిర్బంధ కాలం గడి మాత్రం ఇబ్బంది పెట్టింది. బ్రిటన్‌లో ఉగ్రవాద అనుమానితుణ్ని అభియోగం మోపకుండా గరిష్ఠంగా 14 రోజులు ఉంచవచ్చు. మన ఉపాలో చార్జిషీటు వేయడానికి 180 రోజుల దాకా సమయం ఉంది. ఇవి రెండూ ఒకే దశకు చెందినవి కావు కనుక పక్కపక్కన పెట్టి ఊరుకోకూడదని గైడ్ పట్టుబట్టారు. ఆ తేడాను వివరించడానికి ఒక పుట కేటాయించాను. టాడాలోనూ, దాని తర్వాత వచ్చిన పోటా చట్టంలోనూ ఉన్న పోలీసు ఒప్పుకోలు నిబంధన ఉపాలో లేదు. ఇది గొప్ప మార్పే. అయితే 43డి(5) కింద బెయిలు దాదాపు అందని స్థితి ఉండటంతో, ఒకప్పుడు వాంగ్మూలం చేసిన పనిని ఇప్పుడు కాలయాపన చేస్తోందని నా వాదన. విచారణ విపరీతంగా ఆలస్యమైతే రాజ్యాంగ న్యాయస్థానాలు బెయిలు ఇవ్వవచ్చని 2021లో నజీబ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన తీర్పు కొంత ఊరట.

పెరూ కోసం స్పానిష్ రాకుండానే స్పానిష్ పత్రాలతో కుస్తీ పట్టాల్సి వచ్చింది. ఆ దేశపు సత్య సంఘం 2003లో ఇచ్చిన నివేదికకు ఇంగ్లీషు సారాంశం ఉంది గానీ, అసలు సంపుటాలు స్పానిష్‌లోనే ఉన్నాయి. అడయారులో స్పానిష్ నేర్పే ఒక ఉపాధ్యాయురాలు గంటకు 600 రూపాయలు తీసుకుని, నాకు కావలసిన భాగాలను చదివి వినిపించారు. ఈ ఖర్చే అన్నిటికంటే ఎక్కువైంది, అన్నిటికంటే విలువైనదీ ఇదే. మావోయిస్టు సాయుధ సంస్థ షైనింగ్ పాత్ నాయకుడు అబిమాయెల్ గుజ్మాన్‌ను వెతకడానికి 1990లో పోలీసు శాఖలో ఒక చిన్న గూఢచార బృందం ఏర్పడింది. వాళ్లు ఎక్కువగా ఓపికైన నిఘా మీదే ఆధారపడ్డారు. లిమాలో ఒక నృత్య పాఠశాల నడిచే ఇంటి మీద కన్నేసి, ఆ ఇంటి నుంచి బయటికి వచ్చే చెత్తను పరీక్షించారు. అందులో సోరియాసిస్ మందు ఖాళీ ట్యూబులు, గుజ్మాన్ కాల్చే రకం సిగరెట్ పీకలు దొరికాయి. 1992 సెప్టెంబరు 12న ఎవరి ప్రాణమూ పోకుండా అతన్ని పట్టుకున్నారు. అదే ఏడాది అదే ప్రభుత్వం, ముఖం కనిపించకుండా తెర వెనుక కూర్చుని తీర్పు చెప్పే న్యాయమూర్తుల కోర్టులు పెట్టింది. వాటివల్ల జైలుపాలైన నిర్దోషులకు క్షమాభిక్ష సిఫారసు చేయడానికి 1996లో ప్రత్యేక సంఘం వేయాల్సి వచ్చింది, వందల మంది బయటికి వచ్చారు. గుజ్మాన్ శిక్ష కూడా రద్దయి, సాధారణ కోర్టులో మళ్లీ విచారించి 2006లో తిరిగి యావజ్జీవం వేశారు. తొందరపడి వేసిన శిక్ష, అపరాధి విషయంలో కూడా నిలబడలేదు.

ఇంటర్వ్యూలు సంక్రాంతి తర్వాత మొదలయ్యాయి. అణ్ణానగర్‌లో ఉండే ఒక విశ్రాంత పోలీసు అధికారిది చిత్తూరు జిల్లా. ఫోనులో తెలుగులోనే పలకరించి, ఇంటికి రమ్మన్నారు. సమ్మతి పత్రం చూడగానే, "పేరొద్దమ్మా, సంతకమూ వద్దు. చెప్పేది రాసుకో, అంతే," అన్నారు. సంతకానికి బదులు నోటిమాట సమ్మతికి కమిటీ ఒప్పుకునేదాకా మూడు వారాలు ఆగి, మళ్లీ వెళ్లాను. ఆయన చెప్పిన ఒక మాట ఏ పుస్తకంలోనూ నాకు దొరకలేదు. ఒప్పుకోలు దొరికితే ఆ సాయంత్రమే పైనుంచి అభినందన వస్తుంది, ఫోరెన్సిక్ నివేదిక రావడానికి నెలలు పడుతుంది, ఆ నెలలన్నీ కింది అధికారి ఖాళీ చేతులతో నిలబడాలి అన్నారు. దర్యాప్తులో క్రూరత్వం గురించి మనం మాట్లాడుకుంటాం గానీ, ప్రయోగశాలలో పేరుకుపోయిన నమూనాల గురించి మాట్లాడుకోవడం తక్కువ. ఆ సంభాషణ తర్వాత నా చివరి అధ్యాయంలో ఫోరెన్సిక్ సిబ్బంది, గడువుల మీద కొత్త భాగం చేరింది.

ఫిబ్రవరిలో చార్మినార్ ఎక్స్‌ప్రెస్‌లో హైదరాబాదు వెళ్లి ఒక న్యాయవాదిని కలిశాను. 2007 మే 18న మక్కా మసీదులో పేలుడు తొమ్మిది మందిని, తర్వాత పోలీసు కాల్పులు ఐదుగురిని బలిగొన్నాయి. ఆ తర్వాత పట్టుకున్న ముస్లిం యువకులు చిత్రహింసలు అనుభవించి, చివరకు నిర్దోషులుగా బయటపడ్డారు. 2012లో రాష్ట్ర ప్రభుత్వం వారికి పరిహారం ఇచ్చింది, మరుసటి ఏడాది హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టివేసింది. తర్వాత వేరే నిందితుల మీద నడిచిన కేసు కూడా 2018 ఏప్రిల్‌లో వీగిపోయింది. అందులోనూ మెజిస్ట్రేటు ముందు ఇచ్చి, ఆ తర్వాత ఉపసంహరించుకున్న ఒక ఒప్పుకోలు ఉంది. చనిపోయినవారి ఇళ్లకు దక్కిన న్యాయం ఏమిటని ఆ న్యాయవాది నన్నే అడిగారు. తన కక్షిదారులలో ఒకరు, నిర్దోషి అన్న తీర్పు మొదటి పుటను లామినేట్ చేయించుకుని చాలా ఏళ్లు జేబులో పెట్టుకుని తిరిగారని చెప్పారు. తిరుగు ప్రయాణంలో రాత్రి రైలులో నాకు నిద్ర పట్టలేదు. ఆ నెలలోనే, శవపరీక్ష నివేదికలు, మృతుల జాబితాలు రాత్రి భోజనం తర్వాత చదవకూడదని నియమం పెట్టుకున్నాను. ఈ పని చేసేవారు ముందు నుంచే ఆ నియమం పాటించాలి.

సమర్పణ గడువు ఏప్రిల్ 30. ట్రిప్లికేన్‌లో బైండింగు దుకాణానికి ప్రతులు ఇవ్వబోతున్న వారంలో, ఏప్రిల్ 22న పహల్‌గామ్‌లో 26 మందిని కాల్చి చంపారు. మృతులలో మన తెలుగువారూ ఉన్నారు. భర్తల పక్కన కూర్చున్న భార్యల ఫొటోలు చూస్తూ, నిందితుల హక్కుల గురించి నేను రాసిన పుటలను మళ్లీ తెరవడానికి చేతులు రాలేదు. నాన్న ఫోను చేసి, "ఇప్పుడే ఇవ్వాలా తల్లీ ఇది?" అన్నారు. గైడ్ సలహాతో మే 15 వరకు గడువు పెంచమని కోరాను, ఇచ్చారు. ఆ రెండు వారాలలో ప్రతి వాక్యాన్నీ, తమవారిని పోగొట్టుకున్న మనిషి ఎదురుగా కూర్చుని చదువుతున్నట్లు ఊహించుకుని చదివాను. కొన్ని చోట్ల మాట తీరు మార్చాను. వాదనలో దేన్నీ తీసివేయలేదు.

ఇంకో చిన్న ఆశ్చర్యం, సారూప్యతను పరీక్షించే సాఫ్ట్‌వేర్. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం పది శాతం వరకు పరవాలేదు. నాది మొదట ఇరవై ఎనిమిది చూపించింది, కారణం తీర్పుల నుంచి తీసుకున్న సెక్షన్ల పాఠం. ఉల్లేఖనలను మినహాయించి మళ్లీ పరీక్షిస్తే ఏడుకు దిగింది. రెండుసార్లూ విడివిడిగా రుసుము కట్టాలి కాబట్టి, మినహాయింపు పెట్టమని మొదటే అడగండి. గట్టి అట్టతో బైండింగు ప్రతికి 450 రూపాయలు. ఒక విదేశీ పుస్తకం ధర తొమ్మిది వేలు ఉంటే, గ్రంథాలయాలు పుస్తకాలు ఇచ్చిపుచ్చుకునే డెల్‌నెట్ ద్వారా వేరే గ్రంథాలయం నుంచి తెప్పించుకున్నాను. మూడు వారాలు పట్టింది. అనువాదాలు, జిరాక్సులు, ప్రయాణాలు, బైండింగు అన్నీ కలిపి ఇరవై ఐదు వేలకు కాస్త అటూ ఇటూ అయింది. పోలీసుల నుంచి ఏ ఫోనూ, ఏ విచారణా రాలేదు.

వైవా, అంటే మౌఖిక పరీక్ష, జూన్ చివరి వారంలో జరిగింది. బయటి నుంచి వచ్చిన పరీక్షకులు పెద్దవారు, నెమ్మదిగా మాట్లాడారు. రెండో ప్రశ్నే అది: ఈ వాదనను పహల్‌గామ్ బాధిత కుటుంబానికి చెప్పగలవా? చెప్పగలనన్నాను. వారికి కావలసింది ఎవరో ఒకరి శిక్ష కాదు, చేసినవారి శిక్ష అని, బర్మింగ్‌హామ్‌లోనూ మక్కా మసీదులోనూ ఆ కుటుంబాలకు అదే దక్కలేదని చెప్పాను. పెరూ బృందం దగ్గర రెండేళ్ల సమయం ఉంది, రేపు ఇంకో బాంబు పేలబోతుంటే ఆ సమయం ఎక్కడిది అని ఆయన మళ్లీ అడిగారు. దాడిని ఆపడానికి సమాచారం రాబట్టడం వేరు, ఆ మాటలనే కోర్టులో సాక్ష్యంగా నిలపడం వేరు, నా ప్రశ్న రెండో దాని గురించే అన్నాను. ఆయన పూర్తిగా ఒప్పుకున్నారని అనుకోను. ఆ తేడాను ఉపసంహార అధ్యాయంలో స్పష్టంగా రాయమని, అధస్సూచికలలో తేదీలు సరిచూడమని చెప్పి, ఆరు వారాల గడువుతో ఆమోదించారు.

ఆ సవరణలు చేస్తుండగానే జూలై 21న బొంబాయి హైకోర్టు తీర్పు వచ్చింది. 2006 జూలై 11న ముంబై లోకల్ రైళ్లలో 180 మందికి పైగా చనిపోయిన పేలుళ్ల కేసులో, 2015లో మరణశిక్ష, యావజ్జీవం పడిన 12 మందినీ నిర్దోషులుగా ప్రకటించారు. మహారాష్ట్ర వ్యవస్థీకృత నేరాల నియంత్రణ చట్టం (మోకా) కింద పోలీసు అధికారుల ముందు ఇచ్చిన ఒప్పుకోలు వాంగ్మూలాలను కోర్టు నమ్మలేదు. మూడు రోజులకు సుప్రీంకోర్టు, విడుదలైనవారు తిరిగి జైలుకు వెళ్లనక్కర్లేదంటూనే, ఆ తీర్పును ఇతర కేసులలో ఉదాహరణగా వాడకుండా నిలిపివేసింది. పరీక్షకులు ఆమోదించిన పాఠానికి కొత్త భాగం చేర్చడానికి నిబంధనలు ఒప్పుకోవు. అధస్సూచిక సవరణ పరిధిలోకి వస్తుందని గైడ్ పరీక్షకులకు ఉత్తరం రాసి అనుమతి తెప్పించారు. రెండు కోర్టుల ఉత్తర్వులనూ తేదీలతో సహా నాలుగో అధ్యాయం చివర ఐదు వాక్యాలలో చేర్చి, ఆగస్టు రెండో వారంలో తుది ప్రతిని గ్రంథాలయానికి అందజేశాను.